కక్కే పసిబిడ్డకు పాలిస్తున్న తల్లి ఎన్ని ఆహారాలు మానుకోవాలి?

ప్రశ్న: పదకొండు వారాల పాప తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు పదకొండు వారాలు నిండాయి. పుట్టినప్పటి నుండి తల్లిపాలు తప్ప మరేమీ పట్టలేదు. మూడో వారం నుండి పాలు తాగిన ప్రతిసారీ కొంత కక్కుతూనే వచ్చింది గాని, అప్పట్లో కక్కిన వెంటనే హాయిగా నిద్రపోయేది కాబట్టి నేను కంగారుపడలేదు. గత నెల రోజులుగా పరిస్థితి మారింది. పాలు పట్టిన నాలుగైదు నిమిషాలకే రొమ్ము వదిలేసి, వెన్నును విల్లులా వెనక్కి వంచి, గుక్కపట్టి ఏడుస్తుంది. ఆకలి తీరక మళ్ళీ రొమ్ము వెతుక్కుంటుంది, అందుకున్న వెంటనే మళ్ళీ వదిలేస్తుంది. బుగ్గల మీద ఎర్రగా, గరుకుగా మచ్చలు వచ్చాయి. విరేచనంలో అప్పుడప్పుడు జిగురు కనిపిస్తోంది. బరువు మాత్రం పెరగవలసినంత పెరుగుతోంది.

చూపించిన డాక్టరుగారు ఇది రిఫ్లక్స్, అంటే కడుపులోని పాలు తిరిగి పైకి రావడం అనీ, కొన్ని నెలల్లో దానంతట అదే సర్దుకుంటుందనీ, కావాలంటే మీరు తినే వాటిలో కొన్ని మాని చూడవచ్చుననీ చెప్పి పంపించారు. ఏవి మానాలో, ఎన్నాళ్ళు మానాలో చెప్పలేదు. నేను చదివినచోటల్లా ఒక్కో జాబితా కనిపించింది. ఏదీ వదలకూడదనే భయంతో గుడ్లు, గోధుమ, సోయా, వేరుశనగ, బాదం వంటి గింజలు, చేపలు, నిమ్మ, నారింజ, టమాటా, కారం, కాఫీ, చాక్లెట్ అన్నీ ఒకేసారి మానేశాను. మామూలు పాలు కూడా మాని, వాటి బదులు రోజుకు రెండు గ్లాసుల లాక్టోజ్ లేని పాలు తాగుతున్నాను. ఇలా మొదలుపెట్టి నేటికి పంతొమ్మిది రోజులు. పాప రెండు రోజులు నెమ్మదించినట్లు ఉంటుంది, మూడో రోజు మళ్ళీ అదే ఏడుపు. నేను నాలుగు కిలోలు తగ్గాను. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి.

ఇంకా ఏమైనా మానవలసినవి మిగిలి ఉన్నాయా? మానిన ఆహారం ప్రభావం పాలలో నుండి పూర్తిగా పోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఈ పథ్యం వల్ల ఫలితం ఉండదనుకుంటే తల్లిపాలు మానిపించి డబ్బా పాలు పట్టడమే మేలని ఇంట్లోవారు అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: పాలిచ్చే తల్లులకు సలహాలిచ్చే నర్సు

అమ్మా, ముందుగా మీ ప్రశ్నలోని ఒక్క వాక్యం దగ్గర ఆగాలి. మీరు పన్నెండు రకాల ఆహారాలు మానారు గాని, అన్నిటికంటే ముందు అనుమానించవలసిన దానిని రోజుకు రెండు గ్లాసులు తాగుతూనే ఉన్నారు. లాక్టోజ్ లేని పాలలో లేనిది చక్కెర మాత్రమే. ఆ చక్కెరను ఎంజైముతో ముందే విడగొడతారు, అంతే. ఆవుపాల ప్రోటీన్లు, అంటే కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటివి, అందులో ఒక్క పిసరు కూడా తగ్గవు. పసిబిడ్డలకు తల్లి తిండి ద్వారా ఇబ్బంది కలుగుతోందని తేలినప్పుడు కారణం ఆ ప్రోటీన్లే గాని లాక్టోజ్ కాదు. నిజానికి మీ పాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ ఎప్పుడూ ఉంటుంది. దానిని మీ రొమ్మే తయారుచేస్తుంది. మీరు పాలు తాగినా తాగకపోయినా అది మారదు.

బీటా లాక్టోగ్లోబ్యులిన్ సంగతి వేరు. మనిషి శరీరం దానిని తయారుచేయదు. తల్లి ఆవుపాలు తాగిన కొన్ని గంటలకు చాలామంది చనుపాలలో అది అతి స్వల్పంగా, మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కలో, కనిపిస్తుంది. ఎక్కువ మంది పిల్లలకు ఆ కొంచెంతో ఏ బాధా ఉండదు. కొద్దిమందిలో మాత్రం పేగు లోపలి పొర దానికి ప్రతిస్పందిస్తుంది. మానిన తరువాత ప్రోటీను జాడ కొద్ది రోజుల్లోనే పోతుంది గాని, ఒరుసుకున్న పేగు కుదుటపడడానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి. అందుకే రెండు నుండి నాలుగు వారాల గడువు పెడతారు. ఆ లెక్కన మీ పంతొమ్మిది రోజుల్లో ఒక్క రోజు కూడా లెక్కలోకి రాదు. ఇది మీ తప్పు కాదు. గడువూ వివరమూ చెప్పకుండా పంపించినవారు చెప్పి ఉండవలసిన మాట ఇది.

తిండి సంగతి మొదలుపెట్టకముందు ఎవరైనా మీరు పాలు పట్టేటప్పుడు పక్కన కూర్చొని ఒక పూట చూడడం అవసరం. నాలుగైదు నిమిషాలకే వదిలేసి ఏడుస్తుందన్నారు. చేపు మరీ ఉద్ధృతంగా ఉన్న తల్లుల దగ్గర ఇదే కనిపిస్తుంది. పాలు చేపుకు వచ్చిన క్షణంలో ధార గొంతుకు తగిలి బిడ్డ గుటకలు వేయలేక ఉక్కిరిబిక్కిరి అవుతుంది, పాలతో పాటు గాలి మింగుతుంది, కాసేపటికి రెండూ కలిసి బయటికి వస్తాయి. మీరు వెనక్కి జారగిలబడి, పాపను మీ ఛాతీ మీద బోర్లా ఉంచి పట్టి చూడండి. ధార పైకి రావలసి ఉంటుంది కాబట్టి వేగం తగ్గుతుంది. ఒక రొమ్ము మెత్తబడే వరకు రెండో వైపుకు మార్చకండి. మధ్యలో ఒకసారి భుజాన వేసుకొని తేన్పు తీయండి. తాగిన తరువాత ఇరవై ముప్పై నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం చదునైన, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రిఫ్లక్స్ ఉందని తలవైపు ఎత్తు పెట్టడం, బోర్లా పడుకోబెట్టడం ప్రమాదకరం.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా పథ్యం ఆలోచన పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి: ఆకుపచ్చని వాంతి, పాలు దూరంగా చిమ్మినట్లు పడే వాంతి, వాంతిలో గాని విరేచనంలో గాని నెత్తురు, ఉబ్బిన మాడు, బిగుసుకుపోయిన పొట్ట, జ్వరం, లేపినా లేవని మగత, తడిసే లంగోటాలు తగ్గిపోవడం, బరువు పెరగకపోవడం.

జవాబు 2: ఇద్దరు పిల్లల అమ్మ

మీ ప్రశ్న చదువుతుంటే నా పెద్దబ్బాయి పసితనం కళ్ళ ముందు కదిలింది. అప్పట్లో నేనూ ఇలాగే ఏడు రకాలు మానేశాను. నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఎడమ పేజీలో నేను తిన్నది, కుడి పేజీలో వాడు ఎన్నిసార్లు కక్కాడు, ఎంతసేపు ఏడ్చాడు అని రాసేదాన్ని. వాడికి రెండున్నర నెలలప్పుడు మొదలుపెడితే ఐదో నెల చివరికి కక్కడం బాగా తగ్గింది. పథ్యం పనిచేసిందని గట్టిగా నమ్మి, ఆ నమ్మకంతోనే మరో నాలుగు నెలలు గుడ్డు, గోధుమ, పాలు ముట్టకుండా గడిపాను.

వాడికి తొమ్మిదో నెల వచ్చినప్పుడు ఒక ఆహార నిపుణురాలు ఆ పుస్తకం ఆసాంతం చదివి, మానిన వాటిని ఎప్పుడైనా తిరిగి తిని చూశారా అని అడిగారు. చూడలేదు. ఆమె చెప్పినట్లు వారానికి ఒకటి చొప్పున తిరిగి మొదలుపెట్టాను. గుడ్డుకు ఏమీ కాలేదు. గోధుమకు ఏమీ కాలేదు. పాలకు కూడా ఏమీ కాలేదు. పసిపిల్లల్లో కక్కడం ఎనిమిది వారాలలోపే మొదలై, దాదాపు నాలుగో నెలలో ఎక్కువై, ఆ పైన తగ్గుముఖం పడుతుందనీ, పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు ఆగిపోతుందనీ ఆమె అప్పుడు వివరించారు. అంటే ఆ వయసులో నేను ఏది మానినా, ఏమీ మానకపోయినా, వాడు ఆ సమయానికే తగ్గి ఉండేవాడు. ఆ నెలలన్నీ నేను నీరసంగా, చిరాకుగా, ఎవరింట్లోనూ ఒక ముద్ద తినలేక గడిపాను. ఆ కాలాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. మానడం సగం పరీక్ష మాత్రమే. తిరిగి తిని చూసినప్పుడే అది పూర్తవుతుంది. ఏ తేదీన తిరిగి తింటారో మానిన రోజునే రాసిపెట్టుకోండి. బిడ్డ కాస్త ప్రశాంతంగా ఉన్న ఇంట్లో ఆ తేదీ వచ్చినప్పుడు పాల గ్లాసు ఎత్తడానికి చేయి రాదు. అది నాకు తెలుసు. అయినా ఎత్తాలి.

జవాబు 3: ఒక తండ్రి

పై అమ్మగారి అనుభవాన్ని గౌరవిస్తూనే మాది కూడా చెప్పాలనిపించింది, ఎందుకంటే మా ఇంట్లో ఫలితం వేరుగా వచ్చింది. మా పాపకు కక్కడంతో పాటు ఒళ్ళంతా ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, గరుకుగా మారి దురదపెట్టడం), విరేచనంలో నెత్తురు చారలు ఉండేవి. మా పిల్లల డాక్టరు నా భార్యను పాలు, పాలతో చేసినవి మాత్రమే మూడు వారాలు పూర్తిగా మానమన్నారు. తక్కినవన్నీ కడుపునిండా తినమన్నారు. మొదటి వారంలో తేడా కనిపించలేదు. పదో రోజుకు నెత్తురు ఆగింది, రెండో వారం చివరికి రాత్రిపూట వరుసగా మూడు గంటలు పడుకుంది. ఇరవై రెండో రోజున నా భార్య ఒక గ్లాసు పాలు తాగింది. మూడో రోజు సాయంత్రానికి లంగోటాలో మళ్ళీ సన్నని ఎర్రని చార కనిపించింది. ఆ చార చూసి బాధపడ్డాం గాని, దానితోపాటు మా సందేహమూ తీరింది. ఆ తరువాత నెలల తరబడి పాలు మానడం నా భార్యకు భారమనిపించలేదు, ఎందుకు మానుతున్నామో మాకు తెలుసు కాబట్టి.

ఇంట్లోవారికి ఒక మాట. బిడ్డ ఏడుస్తున్నప్పుడు తల్లి ఏం తిన్నదని అడగకండి. మా ఇంట్లో మొదట్లో ఆ ప్రశ్న రోజుకు పదిసార్లు వినిపించేది, అడిగినవారిలో నేనూ ఉన్నాను. ఆమె కంచం ముందు కూర్చొని తినలేక లేచిపోయిన రోజున గాని నాకు అర్థం కాలేదు.

జవాబు 4: ఆహార నిపుణురాలు

ఇప్పటికే చాలా విషయాలు సరిగా చెప్పారు కాబట్టి నేను తిండి సంగతికే పరిమితమవుతాను.

మీరు ఈరోజే గుడ్లు, గోధుమ, చేపలు, గింజలు, పండ్లు, టమాటా అన్నీ తిరిగి తినడం మొదలుపెట్టండి. పాలిచ్చే తల్లికి మామూలుకంటే రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ కావాలి. కళ్ళు తిరుగుతున్నాయంటే మీ శరీరం ఆ లోటును మోయలేకపోతోందని అర్థం. ఆ సంగతిని డాక్టరుకు కూడా చెప్పి, రక్తహీనత ఉందేమో చూపించుకోండి. కారం, పులుపు తల్లి తింటే బిడ్డకు రిఫ్లక్స్ వస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

మానవలసింది పాలు, పెరుగు, వెన్న, జున్ను, క్రీము, పాలపొడి. మేకపాలు, గేదెపాలు, గొర్రెపాలు వాటికి బదులు కావు, వాటి ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకు చాలా దగ్గరగా ఉంటాయి. పాలను ఎంత మరిగించినా కేసిన్ పోదు. ప్యాకెట్ల వెనుక సన్నని అక్షరాలను చదవడం అలవాటు చేసుకోండి: వే, కేసిన్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్, లాక్టాల్బుమిన్ అన్న మాటలన్నీ పాలే. బిస్కెట్లు, బ్రెడ్డు, చాక్లెట్లు, సూప్ పొడులలో ఇవి ఎక్కువగా దాగి ఉంటాయి. కోకో బటర్, లాక్టిక్ యాసిడ్ అన్న పేర్లు చూసి మాత్రం బెదరకండి. కోకో బటర్ కోకో గింజల నుండి తీసిన కొవ్వు. లాక్టిక్ యాసిడ్‌ను సాధారణంగా పాల నుండి తయారుచేయరు.

పాలు మానితే అన్నిటికంటే ముందు తగ్గేది కాల్షియం. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 1000 మిల్లీగ్రాములు కావాలి, ఒక గ్లాసు పాలలో సుమారు 300 ఉంటాయి. తల్లికి కాల్షియం తగ్గితే బిడ్డకు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. పాలిచ్చే కాలంలో తల్లి ఎముకల నుండి ఎలాగూ కొంత కాల్షియం తరుగుతుంది, బిడ్డకు చనుపాలు మానిపించాక అది తిరిగి పూడుతుంది. అయినా తిండిలో ఉండవలసింది ఉండాలి కదా. కాల్షియం కలిపిన సోయా పాలో ఓట్స్ పాలో తాగవచ్చు. కాల్షియం అడుగుకు దిగుతుంది కాబట్టి డబ్బాను బాగా ఊపి పోసుకోవాలి. ముళ్ళతో తినే చిన్న చేపలు, నువ్వులు, ఆకుకూరలు కొంత ఇస్తాయి. అవీ చాలకపోతే మాత్రలు వేసుకోవాలి. విటమిన్ డి, అయొడిన్ సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి. శాకాహారులైతే బి12 కూడా అడగండి, పాలు మానిన శాకాహారికి ఆ విటమిన్ దొరికే దారులు దాదాపు మూసుకుపోతాయి.

సోయాను ఇప్పుడే పాలతో పాటు మానవద్దు. పాలు కచ్చితంగా మానిన తరువాత కొంత మాత్రమే మెరుగుపడితే అప్పుడు డాక్టరుతో ఆలోచించవచ్చు. తిరిగి తినే రోజు వచ్చినప్పుడు మొదటి రోజు అర గ్లాసు, తరువాత రోజూ ఒక గ్లాసు చొప్పున వారం రోజులు తాగి చూడండి. అయితే ఎప్పుడైనా పాప ఒంటి మీద నిమిషాల్లో దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా అది వేరే రకం అలర్జీ. వెంటనే వైద్యసహాయం తీసుకోండి, అటువంటి చరిత్ర ఉంటే ఈ పరీక్షను ఇంట్లో చేయకూడదు.

జవాబు 5: పిల్లల డాక్టరు

రెండు విషయాలు మాత్రం కలుపుతాను. పాల ప్రోటీను అలర్జీ మొత్తం పసిపిల్లల్లో రెండు మూడు శాతం మందికి ఉంటుంది. తల్లిపాలు మాత్రమే తాగేవారిలో ఇంకా తక్కువ, సుమారు అర శాతం. కక్కడం ఒక్కటే ఉండి, బిడ్డ సంతోషంగా ఉంటూ బరువు పెరుగుతుంటే తల్లి ఏదీ మానవలసిన పని లేదు. మీ పాపకు ఏడుపుతో పాటు చర్మం మీద మచ్చలు, విరేచనంలో జిగురు కూడా ఉన్నాయి కాబట్టే పాలు మాని చూడడం సమంజసం. ఆమ్లాన్ని తగ్గించే మందులకంటే ముందు ఈ పరీక్షే చేయాలని 2018లో వెలువడిన యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆ మందులు కక్కిన పాలలోని ఆమ్లాన్ని తగ్గిస్తాయే గాని కక్కడాన్ని ఆపవు. పసిపిల్లల ఏడుపు విషయంలో ఉత్తుత్తి మందుకంటే అవి మెరుగని పరీక్షల్లో తేలలేదు.

డబ్బా పాలకు మార్చడం గురించి: మామూలు డబ్బా పాలు ఆవుపాలతోనే చేస్తారు. పాల ప్రోటీనే కారణమైతే, మీ పాల ద్వారా నానోగ్రాముల్లో అందుతున్నదానిని గ్రాముల్లో అందించినట్లవుతుంది.

ప్రశ్న అడిగిన తల్లి, ఆరు వారాల తరువాత

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. లాక్టోజ్ లేని పాల సంగతి చదివిన రోజున వంటింట్లో ఆ డబ్బాను చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడిపోయాను. ఆ సాయంత్రమే దానిని పారబోసి, రెండు గుడ్లు ఉడికించుకొని తిన్నాను. మూడు వారాల తరువాత కడుపు నిండినట్లు అనిపించింది.

పాలు మాత్రమే మానాను. నర్సుగారు చెప్పినట్లు జారగిలబడి పట్టడం మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లోనే రొమ్ము వదిలేయడం సగానికి తగ్గింది, కాబట్టి అందులో కొంత నా చేపు వల్లనేనని ఒప్పుకోవాలి. రెండో వారం చివరికి బుగ్గలు నునుపుదేరాయి, జిగురు కనిపించడం మానేసింది. వెన్ను వంచి ఏడవడం రోజుకు ఒకసారికి వచ్చింది. కక్కడం మాత్రం పెద్దగా తగ్గలేదు, నా భుజం మీది గుడ్డ ఇప్పటికీ రోజంతా తడిగానే ఉంటోంది. ఇరవై ఎనిమిదో రోజున అర గ్లాసు పాలు తాగాను. ఆ రాత్రి ఏమీ కాలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పాత ఏడుపు వినిపించింది, మరునాటికి జిగురు, కుడి బుగ్గ మీద రూపాయి బిళ్ళంత ఎర్రదనం కనిపించాయి. పాలు మళ్ళీ ఆపాను, పది రోజుల్లో మళ్ళీ కుదుటపడింది. రెండు కిలోలు తిరిగి పెరిగాను, కళ్ళు తిరగడం లేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఆరో నెలలో పాపకు ఘనాహారం మొదలుపెట్టినప్పుడు పాలు ఉన్నవి పెట్టవచ్చా?

జవాబు 6: ఆహార నిపుణురాలు

చాలా సంతోషమమ్మా. పాలు తప్ప తక్కిన ఆహారాలన్నీ మామూలుగానే మొదలుపెట్టండి. గుడ్డు, వేరుశనగ వంటివి ఆలస్యం చేయకండి, వేరుశనగను మాత్రం గింజగా కాక మెత్తగా చేసి పెట్టాలి. బుగ్గల మీది మచ్చలు మళ్ళీ బాగా ఎక్కువైతే వాటిని మొదలుపెట్టే ముందు డాక్టరును ఒకసారి అడగండి. పాలను సాధారణంగా కనీసం ఆరు నెలలు మాన్పించి, తొమ్మిది నుండి పన్నెండు నెలల వయసు మధ్య డాక్టరు సలహాతో మెట్లు మెట్లుగా తిరిగి ఇస్తారు. మొదటి మెట్టు బాగా కాల్చిన బిస్కెట్టులో కలిసిన కొద్దిపాటి పాలు, చివరి మెట్టు పచ్చిగా తాగే పాలు కాదు, కాచి చల్లార్చిన మామూలు పాలు. ఒక మెట్టు దగ్గర మచ్చలో జిగురో తిరిగి వస్తే ఒక మెట్టు కిందికి దిగి కొన్ని వారాలు ఆగాలి. మీ పాపలాంటి ఆలస్యపు ప్రతిస్పందన ఉన్న పిల్లల్లో ఎక్కువ మంది మూడేళ్ళు నిండేలోపే పాలు తాగగలుగుతారు. మీరు కాల్షియం మాత్రలు వేసుకుంటుంటే మళ్ళీ పాలు తాగే రోజు వరకు వాటిని ఆపకండి.